హెడ్డింగు మార్చడానికి ఎన్ని గంటలు?

ట్యాబ్లాయిడ్ అంటే మనకు ముందు గుర్తొచ్చేది మెయిన్ పేపర్‌లో మడిచిపెట్టే జిల్లా ఎడిషన్. అసలు ఆ మాట మందుల వ్యాపారానిది. 1884లో బరోస్ వెల్‌కమ్ కంపెనీ తన మాత్రలకు ఆ పేరు రిజిస్టర్ చేసుకుంది. తర్వాత కుదించి ఇచ్చే ప్రతిదానికీ అదే పేరు అంటుకుంది. పత్రిక విషయంలో కుదింపు అంటే బ్రాడ్‌షీట్‌లో, అంటే మామూలు పెద్ద సైజు పేపర్‌లో, సగం కాగితం.

బ్రిటన్‌లో హెడ్డింగుల తీరు మారడంలో ఆ సగం కాగితం పాత్ర పెద్దది. పేజీ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క మాట పరిస్తే కింద వార్తకు నాలుగు పేరాలు మిగలడమే ఎక్కువ. ఇంగ్లిష్ పెద్దక్షరాలకు కిందికి వేలాడే తోకలు లేవు కాబట్టి లైన్లను ఒకదానికొకటి ఆనించి పేర్చవచ్చు. తెలుగు డెస్కులో అలా చేస్తే పై లైను ఒత్తులు కింది లైను గుడులను గుద్దుకుంటాయి. అక్కడి సబ్ ఎడిటర్‌కు ఆ తిప్పలు లేవు, నాలుగైదు అక్షరాల మాట దొరికితే చాలు. అంత పొట్టి మాటల్లో మెత్తనివి తక్కువ.

బ్రిటన్ ట్యాబ్లాయిడ్ ‘సన్’ 1982 మే 4 తొలి ఎడిషన్‌లో వేసిన మాటకు ఇంగ్లిష్‌లో ఆరక్షరాలు: ‘గాచా’. చిక్కావురా అని దాని భావం. ఫాక్‌లాండ్ యుద్ధంలో అర్జెంటీనా నౌక జనరల్ బెల్‌గ్రానోను బ్రిటన్ జలాంతర్గామి కాంకరర్ మే 2న టార్పిడోలతో కొట్టింది. దూరప్రాంతాలకు వెళ్లే తొలి ఎడిషన్ ప్రెస్సుకు పోయేటప్పటికి ఎంతమంది పోయారో స్పష్టత లేదు. ప్రాణనష్టం భారీగా ఉందని తెలిశాక ఎడిటర్ కెల్విన్ మెకెంజీ హెడ్డింగు మార్చారు. తర్వాతి ఎడిషన్లలో వచ్చింది: ‘1,200 మంది ఆర్జీలు మునిగిపోయారా?’. మెత్తబడిందనుకుంటాం గానీ, అర్జెంటీనావాళ్లను ‘ఆర్జీ’లనే ఈసడింపు అలాగే ఉంది. అంకె కూడా తప్పే. నౌకలో ఉన్నదే 1,093 మంది, చనిపోయింది 323 మంది. ప్రశ్నార్థకం తగిలిస్తే ఏ అంకెనైనా అచ్చేయవచ్చన్న ధీమా మన డెస్కులకూ కొత్తేమీ కాదు.

2003 సెప్టెంబరులో అదే పత్రిక అదే పొరపాటు మళ్లీ చేసింది. మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ ఫ్రాంక్ బ్రూనోను మానసిక చికిత్సకు ఆసుపత్రిలో చేర్చితే, ‘పిచ్చి బ్రూనోను లోపలేశారు’ అనే అర్థంలో తొలి ఎడిషన్ వదిలింది. ఆయన జనం అభిమానించే మనిషి. ఆ రాత్రే నిరసన మొదలై, తర్వాతి ఎడిషన్లలో ‘పాపం బ్రూనో’ అయ్యాడు.

ఈ రెండింటినీ వెనక్కు లాగింది నిబంధన కాదు, రెండో ఎడిషన్‌కు ఉన్న వ్యవధి. బ్రిటన్‌లో పత్రికలపై ఫిర్యాదులు చూసేందుకు 1953లో ప్రెస్ కౌన్సిల్, దాని స్థానంలో 1991లో ప్రెస్ కంప్లయింట్స్ కమిషన్, దాని స్థానంలో 2014లో ఇప్సో వచ్చాయి. ఇప్సో అమలుచేసే నియమావళి మొదటి క్లాజు, వార్త బలపరచని హెడ్డింగును తప్పంటుంది. ‘రాణి బ్రెగ్జిట్‌ను సమర్థిస్తోంది’ అన్న 2016 నాటి ‘సన్’ హెడ్డింగు ఆ క్లాజుకే దొరికింది. దుఃఖంలో ఉన్నవారి విషయంలో సున్నితంగా రాయాలనే క్లాజూ ఉంది. అభిరుచి, మర్యాద మాత్రం ఆ నియమావళి పరిధిలో లేవు. ఏది మోటు, ఏది చమత్కారం అన్న తీర్పు ఎడిటర్‌కే వదిలేశారు. మన ప్రెస్ కౌన్సిల్ సూత్రాలు హెడ్డింగు రెచ్చగొట్టేలా ఉండకూడదని, కింది వార్తకు సరిపోవాలని చెబుతాయి. హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం వరకే దాని అధికారం. జరిమానా వేసే అధికారం లేదు.

ఇక 1989 ఏప్రిల్ 19. నాలుగు రోజుల ముందు షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్ ఆడుతున్న ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తొక్కిసలాట జరిగింది. ఆ గాయాలతో పోయినవారి లెక్క చివరికి 97కు చేరింది. ‘సన్’ మొదటి పేజీలో ‘ద ట్రూత్’ అని రెండే మాటలు పెట్టింది. కింద మూడు ముక్కలు: లివర్‌పూల్ అభిమానులు మృతుల జేబులు కొట్టారని, పోలీసులపై మూత్రం పోశారని, ఊపిరి ఊదుతున్న కానిస్టేబుల్‌ను కొట్టారని. ఈ మాటలు పోలీసుల నుంచి, ఒక స్థానిక ఎంపీ నుంచి షెఫీల్డ్ న్యూస్ ఏజెన్సీ ద్వారా వచ్చాయి. వేరే పత్రికలూ వేశాయి గానీ ఆరోపణగా వేశాయి. తెలుగులో ఒక్క ‘ట’ చేర్చితే సరిపోయేది: కొట్టారట. ఇంగ్లిష్‌లో ఆ పని ఒంటి కోట్‌లు చేస్తాయి. ‘సన్’ అవీ పెట్టలేదు, పైన ‘నిజం’ అని ముద్ర కొట్టింది.

ఆ హెడ్డింగులో బూతు లేదు, వెటకారం లేదు. మర్యాద తెలిసిన సబ్ ఎడిటర్ కూడా అభ్యంతరం చెప్పడానికి పట్టు దొరకని మాటలు అవి. అందుకే కాబోలు, ఏ ఎడిషన్‌లోనూ మారలేదు. వినడానికి సబబుగా ఉంటే బహుశా నిజమే అయి ఉంటుంది, వేసెయ్యాలి అన్నది తన పద్ధతని మెకెంజీ 2011లో, బ్రిటన్ పత్రికల తీరుపై జరిగిన లెవెసన్ విచారణ సెమినార్‌లో చెప్పారు.

లివర్‌పూల్‌లో జనం పత్రికను కొనడం మానేశారు, చాలా దుకాణాలు తెప్పించడం మానేశాయి. 2004లో ‘సన్’ పేజీ నిండా క్షమాపణ వేసినా ఊరు కరగలేదు. ఆ ఆరోపణలకు ఆధారం లేదని తేల్చిన స్వతంత్ర ప్యానెల్ నివేదిక 2012 సెప్టెంబరు 12న వచ్చాక, మర్నాడు మొదటి పేజీలో ‘అసలు నిజం’ అని హెడ్డింగు పెట్టి మళ్లీ క్షమాపణ చెప్పింది. ‘గాచా’ మారడానికి గంటలు పట్టింది, దీనికి 23 ఏళ్లు. 2017 ఫిబ్రవరిలో లివర్‌పూల్ క్లబ్ ఆ పత్రిక విలేకరులను తన మైదానంలోకి రానివ్వడం కూడా ఆపేసింది.