పార్లమెంటు చరిత్ర, మన అటక మీది ట్రంకుపెట్టె: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పాత కాగితాలు భద్రపరిచే పని నాది. ముఖ్యంగా మన ప్రాంతం నుంచి పార్లమెంటుకు వెళ్లినవాళ్ల ఉత్తరాలు, కరపత్రాలు, ఫోటోలు. వాటికోసం ఇళ్లకు వెళ్తే ఎప్పుడూ వినబడే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పార్లమెంటు చరిత్రంతా ఢిల్లీలోనే ఉంది, మన దగ్గరేముంది?

వాస్తవం: తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ మొదటి లోక్‌సభకు డిప్యూటీ స్పీకర్. మొదటి స్పీకర్ మావలంకర్ చనిపోయాక 1956లో స్పీకర్ అయ్యారు. 1952లో తిరుపతి నుంచి, 1957లో చిత్తూరు నుంచి గెలిచారు. అలాంటివాళ్లు సభలో మాట్లాడింది ఢిల్లీలో దొరుకుతుంది. ఊళ్లో పంచిన కరపత్రం, బావికి కరెంటు కావాలని రైతు రాసిన అర్జీ ఎక్కడ దొరుకుతాయి? దొరికితే ఇక్కడే దొరకాలి.

అపోహ: సభలో మాట్లాడిన ప్రతి మాటా అచ్చులో ఉంటుంది.

వాస్తవం: స్పీకర్ తొలగించమన్న మాటల చోట చుక్కల గుర్తులే మిగులుతాయి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అది కాదు. రాజ్యాంగం 120వ అధికరణ ప్రకారం సభ నడిచేది హిందీ, ఇంగ్లీషుల్లో. ఆ రెండూ సరిగా రాని సభ్యుడు సభాధ్యక్షుడి అనుమతితో మాతృభాషలో మాట్లాడవచ్చు. కానీ తెలుగులో చేసిన ప్రసంగానికి లోక్‌సభ చర్చల సంపుటాల్లో కనిపించేది ఇంగ్లీషు అనువాదం, కింద 'మూలం తెలుగు' అన్న చిన్న గమనిక. ఆ మనిషి వాడిన సామెత, ఆ విసురు అందులో ఉండవు. ఆయన చేత్తో రాసుకున్న చిత్తుప్రతి ఇంట్లో ఉంటే దానికి వెల కట్టలేం. ఓ ఇంట్లో పెద్దావిడ పెట్టె ముందుకు తోసి, "పాత కాగితాలు నాయనా, పొయ్యిలోకి పెడదామనుకున్నా" అన్నారు. పైనే ఉన్న నోటుపుస్తకంలో మొదటి వాక్యం మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి తెలుగులోనే రాసి ఉంది. చదువుతుంటే నా చేతులు వణికాయి.

అపోహ: లామినేషన్ చేయిస్తే వందేళ్లు ఉంటుంది.

వాస్తవం: దయచేసి చేయించకండి. వేడికి ప్లాస్టిక్ కాగితాన్ని పట్టేస్తుంది, మళ్లీ విడదీయలేం. సెల్లోటేప్ కూడా పసుపు మరకలు పడేస్తుంది. తుప్పు పట్టిన గుండుసూదిని లాగేయకుండా రెండు వైపులా కాగితం అడ్డం పెట్టి మెల్లగా తీయాలి. ఫోటో వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ అచ్చు ముందువైపు పడుతుంది. వేపాకులు పేజీల మధ్య పెట్టొద్దు, తేమ, మరక రెండూ పడతాయి.

అపోహ: స్కాన్ చేశాక అసలుది పడేయొచ్చు.

వాస్తవం: వద్దు. సిరా తేడా, వెనకవైపు రాత, మడతల గుర్తులు స్కాన్‌లో సరిగా పడవు. ఫైలుకి తేదీ, ఊరు, మనిషి పేరు పెట్టకపోతే రేపు దాన్ని వెతకలేం.

పెట్టె తెరిచాక ఏదీ కదపకముందే పైనుంచి ఒక ఫోటో తీయండి. ఏ కాగితం దేని కింద ఉందో కూడా మాకు కావాలి.