టేపు వేషం కట్టిన డిస్కు

వర్చువల్ టేపులో, అంటే టేపులా నటించే డిస్కులో, భద్రంగా ఉన్న బ్యాకప్‌ను మళ్లీ అసలు టేపుకు ఎక్కించడం కొత్త అడ్మిన్లకు చాదస్తంగా తోస్తుంది. ఈ చాదస్తం మొదలైంది 1990ల మెయిన్‌ఫ్రేముల (పెద్ద సంస్థల భారీ కంప్యూటర్ల) దగ్గర.

1995లో ఐబీఎం తెచ్చిన 3590 టేపులో ఒక్కోదానికి 10 జీబీ పట్టేది. ప్రోగ్రాములు మాత్రం చిన్న ఫైలుకు కూడా ఒక టేపు అడిగే పాత అలవాటు మానలేదు. గంగాళంలో గ్లాసెడు నీళ్లు పోసి పెట్టినట్టుండేది. దాంతో 1997లో వర్చువల్ టేప్ సర్వర్ వచ్చింది. ముందున్న డిస్కు తానే టేపునని ప్రోగ్రామును నమ్మించేది, వెనక ఆ చిన్న టేపులన్నీ ఒక అసలు టేపు మీద చేరేవి.

2000 తర్వాత డిస్కు చవకైంది, ఒకే డేటా ముక్క పదేపదే వచ్చినా ఒక్కసారే దాచే డీడూప్లికేషన్ వచ్చింది. చాలాచోట్ల వెనకున్న టేపును తీసేశారు. పగటివేషం మాత్రం బాగా కుదిరింది. బార్‌కోడు, డ్రైవు, టేపులు మార్చే రోబో చెయ్యి అన్నీ ఉన్నట్టే సాఫ్ట్‌వేర్‌కు కనిపిస్తాయి. ఆ టేపును పెట్టెలో సర్ది వ్యాన్లో వేరే ఊరికి పంపడం ఒక్కటే కుదరదు!

అందుకే అసలు టేపు మీదికి డూప్లికేట్ తీయాల్సి వచ్చింది. వర్చువల్ లైబ్రరీయే, అంటే ఆ వర్చువల్ టేపులున్న డిస్కు వ్యవస్థే, సొంతంగా కాపీ చేస్తే సర్వర్ మీద భారం పడదు, కానీ రెండో కాపీ ఒకటుందని ఏ కాపీ ఎక్కడుందో రాసుకునే బ్యాకప్ కేటలాగ్‌కు తెలియకపోవచ్చు. డేటా తిరిగి తెచ్చుకునే రీస్టోర్ రోజున అసలు టెన్షన్ అదే. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో చేయిస్తే లెక్క సరిగ్గా ఉంటుంది, అందుకే నేను దీనికే ఓటేస్తాను. ఎలా చేసినా డీడూప్ అయిన డేటా ముక్కలను డిస్కంతా వెతికి, కలిపి, మామూలు రూపానికి తేవాలి. అది ఆలస్యమైతే టేపు డ్రైవు ఆగుతూ, వెనక్కి తిరుగుతూ రాస్తుంది. బూటు తుడిచే గుడ్డలా ముందుకూ వెనక్కూ ఆడుతుంది కాబట్టి దాన్ని షూషైనింగ్ అంటారు. టేపుకూ, డ్రైవు హెడ్‌కూ అరుగుదల తప్పదు.

ఇంత అవస్థ పడే బదులు ఇంకో డేటా సెంటర్‌కు నెట్‌వర్క్ లైను మీద రెప్లికేట్ చేస్తే, అంటే ఎప్పటికప్పుడు కాపీ పంపితే, పోలేదా? మంటలకైతే సరిపోతుంది. 2021 మార్చిలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్న కొందరు రెండూ పోగొట్టుకున్నారు. దూరంగా ఒక కాపీ ఉంటే దక్కేది. సాఫ్ట్‌వేర్ బగ్ సంగతి వేరు, దానికి దూరం అడ్డు కాదు. 2011 ఫిబ్రవరిలో ఒక అప్‌డేట్‌లోని బగ్ వల్ల సుమారు 0.02 శాతం జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయ్యాయి. వేర్వేరు డేటా సెంటర్లలో కాపీలున్నా ఆదుకోలేకపోయాయి. గూగుల్ చివరికి ఆఫ్‌లైన్ టేపుల నుంచి మెయిల్స్ తిరిగి తెచ్చింది. కాస్త ఆలస్యమైంది, అంతే.