తెలుగు పుస్తకాల షాపు గురించి అపోహలు - వాస్తవాలు: పర్లాకిమిడి నుంచి

అపోహ: అన్నీ ఫోన్‌లోనే దొరుకుతుంటే ఇక షాపు ఎందుకు?

పర్లాకిమిడిలో తెలుగు పుస్తకాలు అమ్మే నాకు రోజూ వినబడే మాట ఇదే. వెతికితే దొరుకుతాయి, నిజమే. కానీ ఏం వెతకాలో ముందు తెలియాలి కదా! గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. ఇప్పుడు చాలా ఇళ్లలో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా.

పోయిన వేసవిలో ఒకావిడ కొడుకుని వెంటబెట్టుకొచ్చింది. "మా గుంటడు తెలుగు గలగలా మాట్లాడతాడండి, చదవమంటేనే తడబడిపోతాడు" అంది. బొమ్మల పుస్తకం తెరిచి ఇచ్చాను. వాడు వేలు పెట్టి కూడబలుక్కుంటూ 'పంట' దగ్గర ఆగి "పఠట" అన్నాడు. ఆవిడకి కోపం వచ్చింది. తప్పు పిల్లాడిది కాదమ్మా, ఒడియాలో ఠ అచ్చం మన సున్నలాగే ఉంటుంది అని చెప్పి, బిల్లు పుస్తకం వెనక రెండూ పక్కపక్కన రాసి చూపించాను. వాడి మొహం వెలిగిపోయింది. తర్వాత అరలన్నీ తిరిగి, ఇంకో పుస్తకం వాడే తెచ్చుకున్నాడు. షాపు ఉండాల్సింది ఇందుకే అని నా నమ్మకం.

అపోహ: డబ్బు పెట్టి కొన్న ఈ-బుక్ ఎప్పటికీ మనదే.

చాలాసార్లు మనం కొనేది చదువుకునే అనుమతి మాత్రమే. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్ స్టోర్ మూసేసినప్పుడు డబ్బు వాపసు ఇచ్చింది గానీ, కొన్న పుస్తకాలు ఇక తెరుచుకోలేదు. నా దగ్గర కొన్న పుస్తకాన్ని మీరు మీ చెల్లెలికి ఇవ్వొచ్చు, మీ మనవడికి దాచొచ్చు.

అపోహ: ధర ఎక్కువ ఉండేది పన్ను వల్లే.

కాదు. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు.

అపోహ: షాపువాళ్లకి ఈ-బుక్ అంటే పడదు.

నాకలాంటిదేం లేదు. చత్వారం ఉన్న పెద్దవాళ్లకి అక్షరం పెద్దది చేసుకునే వీలు గొప్ప వరం. ముద్రణలో లేని పుస్తకం ఎవరైనా అడిగితే, డిజిటల్‌లో ఉందేమో నేనే ఫోన్‌లో వెతికి చూపిస్తాను. నా టెన్షనంతా ఓనమాల దగ్గరే. ఆ పుస్తకాలు అడుగు అరలో పెడతాను, పిల్లల చేతికి అందేలా.