బ్యాక్టీరియా కిరణజన్య ప్రొటీన్లను పోల్చడం: కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: కిరణజన్య సంయోగక్రియ జరిగితే ఆక్సిజన్ రావాల్సిందే.
వాస్తవం: బ్యాక్టీరియాల్లో నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదిలేది సయనోబ్యాక్టీరియా మాత్రమే. ఊదా బ్యాక్టీరియా, హీలియోబ్యాక్టీరియా నీటిని విడగొట్టవు, అందుకు కావాల్సిన మాంగనీస్-కాల్షియం గుంపు వాటి రియాక్షన్ సెంటర్‌లో (వెలుతురు శక్తితో ఎలక్ట్రాన్‌ను కదిలించే ప్రొటీన్ల కూటమిలో) ఉండదు.

అపోహ: అమైనో ఆమ్లాల వరుస కలవకపోతే పోల్చడానికేమీ లేదు.
వాస్తవం: వరుస చూసి చేతులెత్తేసేవాళ్లు చాలామందే. ఊదా బ్యాక్టీరియాలోని ఎల్, ఎమ్ ప్రొటీన్లకీ, ఫోటోసిస్టమ్-2 (సయనోబ్యాక్టీరియా, మొక్కల్లో నీటిని విడగొట్టే రియాక్షన్ సెంటర్)లోని డీ1, డీ2 ప్రొటీన్లకీ వరుసలో పోలిక చాలా తక్కువ, కానీ ఒక్కోదానిలో కణంలోని పొరను దాటే హెలిక్స్‌లు (మెలితిరిగిన ప్రొటీన్ ముక్కలు) ఐదే, అవి ఒకదాన్నొకటి పెనవేసుకునే తీరూ అదే. ఫోటోసిస్టమ్-1 (ఫోటోసిస్టమ్-2కి జోడుగా పనిచేసే ఇంకో రియాక్షన్ సెంటర్) పెద్ద ప్రొటీన్లలో ఒక్కోదానికి పదకొండు హెలిక్స్‌లు ఉంటాయి, వాటిలో చివరి ఐదింటిని విడిగా తీసి పోల్చండి, చుట్టరికం అక్కడ బయటపడుతుంది.

అపోహ: రెండు సగాలు ఒకేలా కనిపిస్తే రెండూ ఒకే పని చేస్తాయి.
వాస్తవం: ఇది నాకు బాగా ఇష్టమైన విషయం. డైసెన్‌హోఫర్, మిషెల్, హ్యూబర్‌లకి 1988లో కెమిస్ట్రీ నోబెల్ తెచ్చిన ఊదా బ్యాక్టీరియా రియాక్షన్ సెంటర్‌లో పిగ్మెంట్లు (వెలుతురును పీల్చే రంగు అణువులు) రెండు దారులుగా, దాదాపు ఒకేలా అమరి ఉంటాయి. అయినా ఎలక్ట్రాన్ దాదాపు ఎప్పుడూ ఎల్ వైపే వెళ్తుంది, సుమారు 3 పికోసెకన్లలో (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు) బ్యాక్టీరియోఫియోఫైటిన్ అనే పిగ్మెంట్‌ని చేరిపోతుంది. ఎమ్ వైపు దారి ఉన్నా లేనట్టే. 2017లో వచ్చిన హీలియోబ్యాక్టీరియా రియాక్షన్ సెంటర్ నిర్మాణాన్ని దీని పక్కనే పెట్టి పోల్చి చూడండి, అక్కడ రెండు సగాలూ అచ్చంగా ఒకే ప్రొటీన్, ఈ పక్షపాతానికి చోటే లేదు.

అపోహ: వెలుతురును పట్టే పిగ్మెంట్లకి ప్రొటీన్ చట్రం తప్పనిసరి.
వాస్తవం: ఆకుపచ్చ గంధక బ్యాక్టీరియా క్లోరోజోముల్లో (వెలుతురును పట్టే సంచుల్లాంటి భాగాల్లో) పిగ్మెంట్లు వాటంతటవే పేర్చుకుంటాయి.

అపోహ: ఆర్‌ఎంఎస్‌డీ (ఒకదానిమీద ఒకటి పెట్టిన రెండు నిర్మాణాల్లో జతపడ్డ పరమాణువుల మధ్య దూరాలకి ఒక రకం సగటు) తక్కువ వచ్చిందంటే రెండు నిర్మాణాలూ ఒకటే.
వాస్తవం: ఎన్ని పరమాణువులను జతచేశారో చెప్పకుండా ఆ అంకె ఇస్తే నేను పట్టించుకోను, ఎందుకంటే సరిగ్గా కలవని లూపులను (హెలిక్స్‌లను కలిపే వదులైన ముక్కలను) చాలా సాఫ్ట్‌వేర్‌లు చప్పుడు చేయకుండా పక్కన పడేసి మిగిలినదానికి లెక్క కడతాయి. పైగా ఆ లెక్క మామూలుగా ప్రొటీన్ వెన్నెముకకి (ప్రధాన గొలుసుకి), అసలు పని చేసే బ్యాక్టీరియోక్లోరోఫిల్ పిగ్మెంట్లు అందులోకి రానే రావు. ఒక పిగ్మెంట్ నుంచి ఇంకోదానికి శక్తి ఎంత వేగంగా చేరుతుందనేది వాటి మధ్య దూరం, వాలు మీద ఆధారపడుతుంది కాబట్టి ఒక్కో పిగ్మెంట్ మధ్యలో ఉండే మెగ్నీషియం నుంచి మెగ్నీషియానికి దూరాలు విడిగా కొలవాల్సిందే. ఎల్‌హెచ్2 ఉంగరాలతో (ఊదా బ్యాక్టీరియాలో వెలుతురును పట్టే, ఉంగరం ఆకారపు ప్రొటీన్ గుంపులతో) మరీ జాగ్రత్త, అసిడోఫిలా అనే జాతి దాంట్లో 9 యూనిట్లు (ఒక్కో యూనిట్ ఒక ఆల్ఫా-బీటా ప్రొటీన్ల జత), మోలిస్కియానమ్ అనే జాతి దాంట్లో 8. మొత్తం ఉంగరాన్ని ఉంగరం మీద పెడితే వచ్చే అంకెకి అర్థం ఉండదు, ఒక్క ఆల్ఫా-బీటా జతను తీసి జతతో పోల్చండి.