ఆకు రెండు పొరల మధ్య దాగే టూటా

వరంగల్ చుట్టుపక్కల యాసంగిలో టమాట వేసే రైతుకు ఆకుల మీద తెల్లటి వంకర చారలు కొత్త కావు. ఒక చిన్న ఈగ పిల్లలు ఆకు లోపల తొలవడం వల్ల ఏర్పడే వాటిని ‘పాము పొడ’ అంటారు. 2014లో మహారాష్ట్రలో బయటపడి, తర్వాత తెలుగు నేలకూ పాకిన దక్షిణ అమెరికా పురుగు టూటా అబ్సొల్యూటా కూడా ఆకును లోపలి నుంచే తొలుస్తుంది కనుక, మొదట్లో దాన్ని పాత పురుగేనని వదిలేసే ప్రమాదం ఉంది. (పాము పొడ ఈగ కూడా 1990 ప్రాంతంలో బయటి నుంచి వచ్చిందేనన్న సంగతి మనం మరిచిపోయాం.)

అనుమానమున్న ఆకును తెంపి ఎండకు ఎదురుగా పట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఈగ పిల్ల దారంలా సన్నగా మెలికలు తిరుగుతూ పోతుంది, దానికి కాళ్లుండవు. టూటా పురుగు పై పొరనూ కింది పొరనూ మిగిల్చి నడుమనున్న గుజ్జును వెడల్పుగా తినేయడంతో అక్కడ ఉల్లిపొరలాంటి మచ్చ ఏర్పడుతుంది; అందులో నల్లటి విసర్జనా, తల వెనుక నల్లని పట్టీ ఉన్న లేత ఆకుపచ్చ పురుగూ కనిపిస్తాయి. కాయకైతే గుండుసూది గుచ్చినంత రంధ్రం, ఎక్కువగా తొడిమ దగ్గర, ఉంటుంది.

దీని రెక్కల పురుగు బూడిద రంగులో, అర సెంటీమీటరుకు కాస్త మించి ఉండి, పగలంతా ఆకుల చాటున దాగుతుంది. అందుకే లింగాకర్షక బుట్టలు అవసరం. ఆడ పురుగు వాసనను పోలిన రసాయనాన్ని చిన్న రబ్బరు బిరడాకు పట్టించి, జిగురు అట్ట మీదనో సబ్బు నీళ్ల పళ్లెం పైనో ఉంచితే మగ పురుగులు వచ్చి చిక్కుకుంటాయి. నారుమడి దశ నుంచే వీటిని పెట్టి, వారానికోసారి ఒకే రోజున లెక్కపెట్టి రాసుకోవాలి. ఒక్క రోజు సంఖ్య కన్నా వారం వారం అది పెరుగుతున్న తీరే ముఖ్యం.

బుట్ట పెట్టాం, ఇక పురుగు పోతుందనుకోవడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. చిక్కేవి మగవే, తప్పించుకున్న ఒక్క మగ పురుగు పలు ఆడ పురుగులతో కలవగలదు, ఒక్కో ఆడది 260 దాకా గుడ్లు పెట్టగలదు. ఎర పాతబడినా బుట్ట ఖాళీగానే ఉంటుంది. కాబట్టి బుట్టలో పురుగు పడినా పడకపోయినా సాళ్ల వెంట నడిచి ఆకులు తిప్పి చూడక తప్పదు. ఆ చూపు చేను దాటి, మార్కెట్ నుంచి తిరిగొచ్చే ఖాళీ ట్రేల మీదా, గట్టున పెరిగే కామంచి మొక్కల మీదా పడాలి. టమాట లేని నెలల్లో ఈ పురుగు ఆ మొక్కల మీదే గడిపేయగలదు.