క్యాటికిజం పీరియడ్ ఎటు పోయింది?

మా స్కూల్లో వారానికి రెండు రోజులు క్లాసు రెండుగా చీలేది. బెల్లు కొట్టగానే కతోలిక పిల్లలం ఏడెనిమిది మందిమి క్యాటికిజానికి, అంటే మా మతబోధన పీరియడ్‌కి, నోట్సు పట్టుకుని సిస్టర్ వెంట చాపెల్ పక్కగదికి నడిచేవాళ్లం. మిగతా నలభై మంది మోరల్ సైన్స్ పుస్తకాలు తీసేవాళ్లు. వాళ్ల నవ్వులు కిటికీలోంచి వినపడుతుంటే మేం "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా..." అంటూ మంగళవార్త జపం అప్పజెప్పేవాళ్లం. వాళ్లకి కథలు, మాకు కంఠస్థం. అప్పట్లో కుళ్లుగానే ఉండేది.

ఈ చీలిక వెనక చాలా కథ ఉంది. 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖపట్నంలో దిగారు. మరుసటి ఏడాదే అక్కడ సెయింట్ అలోషియస్ స్కూలు మొదలైంది. హైదరాబాద్‌లో ఆల్ సెయింట్స్ 1855లో, సికింద్రాబాద్‌లో సెయింట్ ఆన్స్ 1871లో వచ్చాయి. తొలినాళ్లలో ఇలాంటి స్కూళ్లకు ఎక్కువగా వచ్చింది కంటోన్మెంట్ సైనికుల పిల్లలు, ఆంగ్లో ఇండియన్లు. ఇంట్లో చెప్పుకునే జపమే బడిలోనూ చెప్పేవాళ్లు, కాబట్టి ఎందుకని ఎవరూ అడగలేదు. పల్లెల్లో అయితే ఆ పని ఉపదేశిది, అంటే ఊళ్లో మతపాఠాలు చెప్పే మనిషిది. పొద్దుగూకాక గుడి అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి, చదువు రానివాళ్లకు కూడా జపాలు నోటికి వచ్చేదాకా వల్లె వేయించేవాడు.

బడిని విశ్వాసానికి గట్టిగా ముడివేసిన నిర్ణయం మాత్రం 1910 నాటిది. అంతకుముందు చాలాచోట్ల పదేళ్లు, పన్నెండేళ్లు దాటితే గానీ పిల్లలకు దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) ఇచ్చేవారు కాదు. మంచిచెడ్డలు తెలిసే వయసు వస్తే, అంటే సుమారు ఏడేళ్లకే ఇవ్వొచ్చని పదవ పయస్ పాపుగారు తేల్చారు. దాంతో పిల్లల్ని సిద్ధం చేసే పని ప్రైమరీ క్లాసుల మీద పడింది. తెల్ల గౌను, చేతిలో కొవ్వొత్తి, కొత్త జపమాలతో కాన్వెంట్ ఆల్బమ్‌లలో కనపడే ఆ ఫొటోలు ఎక్కువగా ఆ నిర్ణయం తర్వాతివే.

ఈలోగా క్లాసు మారిపోయింది. బ్రిటిష్ వాళ్ల 1854 నాటి విద్యా విధాన పత్రం వుడ్ డిస్పాచ్ ప్రైవేటు బడులకు గ్రాంట్లు ఇమ్మంది. బడిలో చెప్పే మతబోధన జోలికి ఇన్‌స్పెక్టర్లు పోవద్దంది. ఇంగ్లీషు చదువు కోసం అన్ని మతాలవాళ్లూ పిల్లల్ని తెచ్చి చేర్చారు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కిచ్చింది. దాని పక్కనే 28(3) ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. ప్రభుత్వ గుర్తింపు గానీ, సాయం గానీ ఉన్న సంస్థలో ఎవరినీ వాళ్ల సమ్మతి లేకుండా, మైనర్లయితే తల్లిదండ్రుల సమ్మతి లేకుండా, మతబోధనలోనో ఆరాధనలోనో కూర్చోబెట్టకూడదు. అదీ మా పక్కగది కథ.

రోమ్ కూడా ఈ మార్పును ఒప్పుకుంది. ప్రపంచ కతోలిక పీఠాధిపతులు కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబర్ 28న వెలువరించిన విద్యా ప్రకటనలో, ఇతర మతాల పిల్లలు చదివే బడులు కూడా తిరుసభకు ఎంతో ప్రియమైనవేనని చెప్పింది. అదే సభ తెచ్చిన మార్పుతో లాటిన్ పూజ తెలుగులోకి వచ్చింది, పాటలు పిల్లల నోట పలికాయి.

నా లెక్కలో చిక్కు అక్కడే మొదలైంది. నలభై మందికి నచ్చేలా, ఎవరికీ గుచ్చుకోకుండా అసెంబ్లీ ప్రార్థనను అరగదీశారు. అది న్యాయమే, తప్పు పట్టను. కానీ ఆ ఏడెనిమిది మంది సంగతి ఎవరు చూశారు? టెన్త్ రిజల్ట్స్ టెన్షన్‌లో ముందు కోతపడింది వాళ్ల పీరియడ్‌కే. సత్యోపదేశం, అంటే అదే క్యాటికిజం, విచారణ గుడికి (ఆ ప్రాంతపు చర్చికి), ఆదివారం పూజ తర్వాత గంటకు మారింది.

అయితే భక్తి పీరియడ్‌లోనే పెరుగుతుందా అంటే అదీ కాదు. విజయవాడలోని గుణదల చూడండి. 1924లో అక్కడి అనాథాశ్రమం బాధ్యత తీసుకున్న ఫాదర్ అర్లాటి కొండ గుహలో మరియమాత విగ్రహం పెట్టారు. ఇవాళ ఫిబ్రవరి తిరునాళ్లకు వచ్చి తలనీలాలిచ్చేవాళ్లలో కతోలికులు కానివాళ్లూ బోలెడుమంది. పరీక్షల ముందు మా స్కూలు గ్రోటో (మరియమాత గుహ) దగ్గర హాల్ టికెట్ మాత పాదాలకు తాకించేవాళ్లలోనూ మోరల్ సైన్స్ బ్యాచ్‌వాళ్లే ఎక్కువ.

2024 ఏప్రిల్‌లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య స్కూళ్లకు కొత్త మార్గదర్శకాలిచ్చింది. ఇతర మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దొద్దు, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించండి, వీలైతే అన్ని మతాలకూ ఒక ప్రార్థన గది పెట్టండి అని. అదే నెలలో మంచిర్యాల జిల్లా లక్షెట్టిపేట దగ్గర ఒక కతోలిక స్కూలుపై గుంపు దాడి చేసింది. హనుమాన్ దీక్ష దుస్తుల్లో వచ్చిన పిల్లల విషయంలో రేగిన గొడవ అది. మదర్ థెరిసా విగ్రహం మీద రాళ్లు పడ్డాయి.

మార్గదర్శకాల మీద చర్చంతా ఆ నలభై మంది చుట్టూనే తిరిగింది. మిగిలిన ఏడెనిమిది మందికి ఆదివారం ఉదయం సత్యోపదేశం ఉంది. అదే టైముకి ఐఐటీ ఫౌండేషన్ క్లాసూ ఉంది.