మాత్రలు ఇచ్చేది ఎవరు? డిశ్చార్జ్ గురించి అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జ్ నర్సుగా పని చేస్తున్నాను. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చేవాళ్లే మాకు ఎక్కువ. ఇంటికి బయలుదేరే రోజు వాళ్ల నోట వినే మాటలు కొన్ని, వాటిలో నిజమెంతో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డిశ్చార్జ్ చేశారంటే జబ్బు నయమైపోయినట్టే.

కాదు. ఇక ఆసుపత్రి మంచం అవసరం లేదని మాత్రమే దాని అర్థం. మిగతా వైద్యం ఇంట్లో నడవాలి. ఆ ఇంటి వైద్యం చేసేది ఎవరన్నదే అసలు ప్రశ్న.

అపోహ: మందుల గురించి మా అబ్బాయికి చెప్పేశారు కదా, అది చాలు.

డిశ్చార్జ్ రోజు ఆ అబ్బాయి అవస్థ చూడాలి. బిల్లు కౌంటర్ దగ్గర ఒకసారి, మెడికల్ షాపు దగ్గర ఒకసారి, మధ్యలో కారు డ్రైవర్ ఫోను. మనం ఏది చెప్పినా "సరే సిస్టర్, సరే సిస్టర్" అంటాడు. మర్నాడు పొద్దున్నే ఆ అబ్బాయి బెంగళూరు బస్సెక్కేస్తాడు. ఇంట్లో మాత్రలు ఇచ్చేది కోడలో, ముసలావిడో. వాళ్లకు ఎవరూ ఏమీ చెప్పి ఉండరు.

అందుకే మా వార్డులో మొదట అడిగేది "ఇంట్లో మాత్రలు ఎవరిస్తారు?" అని. ఆ మనిషినే మంచం దగ్గరికి పిలుస్తాం. ఊళ్లో ఉంటే ఫోన్‌లో వీడియో కాల్ చేయిస్తాం. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు, దానివల్ల ఏం తెలియదు. "పొద్దున ఏది వేస్తావో తీసి చూపించమ్మా" అంటే అసలు సంగతి బయటపడుతుంది. చీటీ మీద 1-0-1 అని ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని. చదువు రానివాళ్లకు స్ట్రిప్ మీద మార్కర్‌తో సూర్యుడు, చంద్రుడు గీసిస్తాం. మీ ఆసుపత్రిలో ఇలా చేయకపోతే మీరే అడగండి. మొహమాటపడాల్సిన పని లేదు.

అపోహ: పాత మాత్రలు ఎలాగూ వేసుకుంటున్నవే, వాటితో పాటు ఇవీ వేసుకోవచ్చు.

దీన్ని మించిన ప్రమాదం నా దృష్టిలో లేదు. పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ప్లాస్టిక్ కవర్ నిండా మాత్రలు తెచ్చుకుంది. "ఇవన్నీ నావే నాయనా" అంటూ దుప్పటి మీద గుమ్మరించింది. అందులో ఒక బీపీ మాత్ర, మేమిచ్చిన కొత్త మాత్ర పక్కపక్కన పెట్టి చూస్తే కంపెనీ పేర్లు వేరు, రంగులు వేరు. కింద చిన్న అక్షరాల్లో రెండింటి మీదా ఒకటే మందు: టెల్మిసార్టాన్ 40. రెండూ వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. బీపీ పడిపోయి, రాత్రి బాత్రూమ్‌కు లేచినప్పుడు కళ్లు తిరిగి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నా ఆశ్చర్యం లేదు.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. కొత్త చీటీలో లేదు కదా అని ఏళ్ల తరబడి వాడుతున్న థైరాయిడ్ మాత్ర ఆపేస్తారు. గుండెకు స్టెంట్ (రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే చిన్న గొట్టం) వేసినవాళ్లు, నొప్పి లేదు కదా అని రక్తం పలచబడే మాత్రలు మానేస్తారు. స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టేది అలాంటప్పుడే. డాక్టర్ చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హానిని తగ్గించాలని ఒక కార్యక్రమం మొదలుపెట్టి, ముఖ్యంగా చూడాలన్న మూడు అంశాల్లో ఇలా పేషెంట్ ఆసుపత్రి నుంచి ఇంటికో, ఒకచోటి నుంచి ఇంకోచోటికో మారే సమయాన్ని కూడా చేర్చింది.

చేయాల్సింది ఒకటే. ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత మాత్రల కవర్ మొత్తం తెచ్చుకోండి. వెళ్లేటప్పుడు ఏది కొనసాగించాలి, ఏది ఆపాలి, ఏది కొత్తది అని కాగితం మీద రాయించుకోండి.

అపోహ: ఆపరేషన్ అయినవాళ్లు పప్పు, గుడ్డు తింటే చీము పడుతుంది.

మన పాత చిత్తూరు జిల్లా పల్లెల్లో ఈ నమ్మకం గట్టిది. చారన్నం, ఇడ్లీ, ఇంతే పథ్యం. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. పుండు మానడానికి ప్రొటీన్ కావాలి. అది పప్పు, గుడ్డు, పాలు, చేపల్లోనే ఉంది. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఎంత తినాలో డాక్టర్ చెప్పినట్టు. షుగర్ ఉన్నవాళ్లు తిండి మాట అటుంచి ముందు షుగర్ అదుపులో పెట్టుకోవాలి. మా అనుభవంలో కుట్లు ఊడిన కేసుల్లో ఎక్కువ కనపడేది షుగర్ అదుపు తప్పడమే.

అపోహ: మంగళవారం ఇంటికి పోకూడదు.

వైద్యపరంగా దీనికి ఏ ఆధారమూ లేదు. కానీ ఆగిపోతే ఆ ఒక్క రోజు మంచం ఖర్చు మీదే, ఆ మంచం కోసం ఎదురుచూసే ఇంకో పేషెంట్ క్యాజువాలిటీలో ఉంటాడు. అంతకు మించి వాదించను.

అపోహ: బిల్లు తేలకపోతే కాగితాలు ఇవ్వరు, మనిషిని పంపరు.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు: ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ వినతి అందిన 3 గంటల్లోగా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలని ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వేసే చార్జీ కంపెనీయే భరించాలి. ఎన్టీఆర్ వైద్య సేవ (రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కింద చేరినవాళ్లు మందులు, రివ్యూ (మళ్లీ వచ్చి డాక్టర్‌కు చూపించుకోవడం) ఏవి ప్యాకేజీలో ఉన్నాయో ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే వైద్యమిత్ర దగ్గర అడిగి తెలుసుకోవచ్చు. బిల్లు గొడవ ఉందని పేషెంట్‌ని ఆసుపత్రిలో ఆపి ఉంచకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారు చేసిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నుంచీ ఉన్న నిబంధన. డాక్టర్ వద్దన్నా సొంత ఇష్టంతో వెళ్లేవాళ్లకూ రికార్డులు అడిగే హక్కు ఉంది.

అపోహ: బాగానే ఉంది కదా, రివ్యూకి ఎందుకు?

కొన్ని చెడు లక్షణాలు చప్పుడు లేకుండా వస్తాయి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లు రోజూ పొద్దున ఒకే సమయానికి బరువు చూసుకోవాలి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది ఒళ్లు పట్టడం కాదు, ఒంట్లో నీరు చేరడం. ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఫోన్ చేయండి. ఏ లక్షణం కనపడితే ఎవరికి ఫోన్ చేయాలో, రాత్రయితే ఎక్కడికి రావాలో డిశ్చార్జ్ కాగితం మీద లేకపోతే రాయించుకునే కదలండి.

అపోహ: మొక్కు తీర్చుకునే ఊరికెళ్లాలి.

ఇది తిరుపతి స్పెషల్. కుట్లు విప్పకముందే, ఎలాగూ కొండ కింద దాకా వచ్చాం కదా, అలిపిరి మెట్లెక్కి పోదామంటారు. అవి 3,550 మెట్లు. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు నడకదారిన రావద్దని టీటీడీయే చెబుతోంది. నెత్తి మీద కుట్లు ఉన్నవాళ్లు తలనీలాలు కూడా తర్వాతే ఇవ్వాలి. రివ్యూలో డాక్టర్ సరేనన్నాక బస్సులో వెళ్లండి. డిశ్చార్జ్ కాగితం ఫోటో, మాత్రలు వెంట ఉంచుకోండి. అవసరమైతే తిరుమలలో అశ్విని ఆసుపత్రి ఉంది, అక్కడి డాక్టర్ మొదట అడిగేది ఆ కాగితమే.